ఇరవై మెడపట్టీలు, ఒక మాస్కు

కాదు ఉపేంద్ర సార్, సంతకం పెట్టనని నేనెక్కడన్న? పెడ్తా. పెట్టనీకే గద కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాక ఎండల పడి వచ్చింది. కాని చదువకుండ సంతకం పెట్టొద్దంటరు పెద్దలు. అందుకే చదివిన. "భద్రతా విషయమై సదరు మహిళ కనబరచిన తీవ్ర నిర్లక్ష్యము వలన..." అబ్బ, ఏం రాసిండు సార్ మా త్రినాథరావు గారు. మా అపార్ట్‌మెంట్‌ల లిఫ్టు ఆగి మూడు నెలలాయె, దాని గురించి ఒక్క ముక్క రాయడు. రాసినప్పుడు మాత్రం గిట్ల రాస్తడు. సెక్రటరీ అంటే గట్లనే ఉండాలె మరి.

సదరు మహిళ అంటే సైదమ్మనే గద? మీ పెద్ద అంబర్‌పేట గ్రౌండుల మెడల విజిల్ ఏసుకొని తిరిగేటామె. పేరు రాస్తే ఏం పోయింది? గుడిల అర్చన చేయించినా పేరు, గోత్రం అడుగుతరు. ఉద్యోగం తీసేయమని రాసేటప్పుడు పేరన్న రాయద్దా?

చాయ్ వద్దు సార్. శనివారం, ఒక్కపొద్దు నాకు. మంచినీళ్లు చాలు.

మీరు తొందరల ఉన్నరు, నాకు తెలుసు. బయట గదిల త్రినాథరావు గారు, మా కమిటీ వాళ్లు సోఫాల మీద కూసున్నరు. ఆ సైదమ్మ మెట్ల మీద కూసున్నది, వచ్చేటప్పుడు చూసిన. లోపలికి రమ్మని మీరనలే, ఆమె రాలే. నేను సంతకం పెడ్తే ఆమె ఇంటికి పోతది. పెట్టకపోతే మా కమిటీ మీ గ్రౌండు మీద పోలీసు స్టేషన్‌కు పోతది. గింతే గద సంగతి? అయితే ఒక్క పది నిమిషాలు వినుండ్రి. నేను అపార్ట్‌మెంట్‌ల ప్రతి మంగళారం భజన చేయించి కథ చెప్పేదాన్ని. ముప్ఫై మంది వస్తరు. నడుమల ఒక్కరు లేచిపోరు. ప్రసాదం ఆఖరికి పెడ్తననుకోండ్రి, అది వేరే ముచ్చట.

అసలు మేం మీ గ్రౌండుకు రావాల్సినోళ్లమే కాదు. ఏటా ఎండకాలం బస్సు మాట్లాడుకొని యాదగిరిగుట్టకు పోతుంటిమి. పోయేటప్పుడు నేనే కథ చెప్తుంటి, వచ్చేటప్పుడు నేనే పాట ఎత్తుకుంటుంటి. ఈసారి పిల్లలు వాట్సాప్‌ల ఓట్లు పెట్టిండ్రు. నరసింహస్వామికి నాలుగు, మీ రంగు గోలీల తుపాకుల ఆటకు పదహారు. ఆ నాలుగుల రెండు మా ఇంటివే, నాది, మా ఆయనది. నా కొడుకు అశోక్ ఓటు తుపాకులకు పడ్డది. కోడలు మాలతిది కూడ.

నేనేమన్న కుళ్లుకునే మనిషినా? స్వామినే ఓడగొట్టిండ్రు, నేనెంత అనుకొని ఊకున్న.

ఊకుంటే ఊకోవాలె గద. ఉండబుద్ధి కాలే. మే నెల ఎండ, మెడ మీద కుంపటి పెట్టినట్లుంటది, ఈ పిల్లలు ఏం ఆడుతరు అని నాకు పరేషాన్. మాలతి ఫోనుల ఒక వీడియో చూపెట్టింది, మెడకు చల్లటి పట్టీ కుట్టుకునేది. కుట్టుడు మనకు కొత్తనా? మాది పోచంపల్లి దిక్కు సార్. మా ఆయనది దిల్‌సుఖ్‌నగర్‌ల చేనేత బట్టల దుకాణం. ఇంట్ల కట్‌పీసులకు కొదువ లేదు.

కుట్టుడు అల్కనే, కష్టమేం లేదు. నాలుగంగుళాల వెడల్పు నూలు బట్ట, నిలువున మడతేసి కుట్టాలె, తిరగెయ్యాలె, నడుమల మూడు అరలు చేయాలె. మొక్కల కుండీలల్ల ఏస్తరు చూడుండ్రి, నీళ్లు తాగి ఉబ్బే ఉప్పు పలుకుల లాంటివి, నర్సరీల దొరుకుతయి, అవి ఒక్కో అరల అర చెంచా పొయ్యాలె. కొసలు సన్నగ కుట్టి వదిలిపెడ్తే ముడేసుకోనీకి వస్తది. అరగంట నీళ్లల్ల నానబెడ్తే పొద్దంత చల్లగుంటదట.

అర చెంచా. వీడియోల ఆ పిల్ల మూడుసార్లు చెప్పింది. అర చెంచా ఏందమ్మా పిసినారి ముఖమా అని నేను మూడు చెంచాలు పోసిన. మన చెయ్యి పెద్దది గద. ఒకళ్లకు పెట్టేటప్పుడు కొలుస్తమా?

కొత్త ఎర్ర బట్టతోని ఇరవై కుట్టిన. కర్మన్‌ఘాట్ పోయి స్వామి పాదాల దగ్గర పెట్టిచ్చి తెచ్చిన. ఆదివారం పొద్దున బకెట్ల ఏసి పూజల కూసున్న. లేచేసరికి గంటన్నరాయె. పోయి చూస్తే ఏముంది సార్, పెండ్లికొడుకు వెనుక పెట్టే బాలీసులు ఇరవై, బకెట్ మీది నుంచి పొర్లి కిందికి దిగుతున్నయి.

ఇంకోటి చెప్తా. నవ్వకుండ్రి. నేను మగ్గం నేసే సాలోళ్ల బిడ్డను. కొత్త ఎర్ర బట్టను మొదలు ఒక్కసారి నీళ్లల్ల పెట్టి ఆరెయ్యాలె, లేకుంటే రంగు దిగుతది. మా ఇండ్లల్ల ఆరేండ్ల పిల్లకు కూడ తెలుసు ఇది. నాకు తొందరల యాదికి రాలే. అందరు అసోసియేషన్ పేరు రాసిన తెల్ల టీషర్టులు ఏసుకొచ్చిండ్రు. బస్సు ఔటర్ రింగురోడ్డు చేరేసరికి ఇరవై మంది కాలర్లు ఎర్రగ. త్రినాథరావు గారైతే, "పర్లేదండి రాజేశ్వరమ్మ గారూ, చల్లగా ఉంది, మెడ తిప్పలేకపోతున్నాను గానీ చల్లగా ఉంది" అన్నడు. మర్యాదస్తుడు.

అయినా ఆ బస్సుల అందరు నా పట్టీ కట్టుకొనే ఉన్నరు సార్. నేను పాట ఎత్తుకుంటే అందుకున్నరు. అప్పటిదాక మంచిగనే ఉంది.

గ్రౌండుల దిగినం. మీ సైదమ్మ వచ్చింది. నలభై ఏండ్లుంటయేమో. నేత చీర, దాని మీద పచ్చగ మెరిసే కోటు, మెడల విజిల్. మైకు లేదు. ఒక్కసారి విజిల్ ఊదంగనే అందరు గప్‌చుప్. నేను మంగళారం నాడు పది నిమిషాలు గంట కొడ్తే గని రాని గప్‌చుప్, సార్.

ఇగ చెప్పుడు షురూ చేసింది. తుపాకి మూతికి గుడ్డ తొడుగు ఉండాలె, ఆట మొదలైనంకనే తియ్యాలె అన్నది. మా కమిటీ మీటింగులల్ల కొందరి మూతులకు ఇప్పియ్యవచ్చునా అని అడుగబుద్ధయ్యింది నాకు. పదిహేను అడుగుల కంటె దగ్గర్నుంచి కొట్టొద్దు. రంగు అంటితే చెయ్యి లేపి అవుట్ అనుకుంట బయటికి రావాలె, బండరాళ్ల లెక్క నిలబడొద్దు. ఆట ఆడనోళ్లు చుట్టూ కట్టిన నెట్టు బయటనే ఉండాలె. అన్నింటికంటె పెద్దది మాస్కు. ఆ గోలీ ఒంటికి తగిలితే కమిలిపోతది, కంటికి తగిలితే కన్నే పోతది అన్నది.

ఇంకేమన్నదో తెలుసా? "దేవుడు దిగొచ్చి అడిగినా సరే, నెట్టు లోపల మాస్కు ఎత్తొద్దు."

దేవుడు దిగొచ్చినా అట. మా అపార్ట్‌మెంట్‌ల దేవుడి తరఫున మాట్లాడేది ఎవరు? నేను. నాకు చురుక్కుమన్నది.

అది కాదు సార్ అసలు మంట. అందరితోని ఆ మాట తిరిగి చెప్పిచ్చింది. "నెట్టు లోపల?" అని ఆమె అడిగితే "మాస్కు ఎత్తం" అని మావోళ్లు. మూడుసార్లు. నా భజనల గొంతు పోయినట్లు మూలిగేటోళ్లు ఆడ కోరస్ ఇచ్చిండ్రు. నేను కూడ నెట్టు బయట ప్లాస్టిక్ కుర్చీల కూసొని మూడుసార్లు విన్న. గది గుర్తు పెట్టుకోండ్రి. నేను విన్న.

తర్వాత మాస్కులు తొడిగింది ఒక్కొక్కళ్లకు. బెల్టు బిగించి, దాని కింద రెండు వేళ్లు పెట్టి గుంజి చూసేది. ఒక్కళ్లను వదలలే. నా బాలీసుల దగ్గర ఆగిపోయింది. గడ్డం కింద పట్టీ ఎత్తుగుంటే మాస్కు మీదికి లేస్తున్నది, కిందికెళ్లి సందు కనవడ్తున్నది. "గివి తీసెయ్యుండ్రమ్మా, మాస్కు కూసుంటలేదు" అన్నది. మెల్లగనే అన్నది. ఎక్కిరించలే. ఎక్కిరిస్తే బాగుండు, కొట్లాడుదును.

తీసేసిండ్రు సార్. స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చినవని ఒక్కళ్లన్న అడ్డం చెప్పలే. మొదలు త్రినాథరావు గారు, "హమ్మయ్య" అనుకుంట. నా పక్క కుర్చీల కుప్ప పోసిండ్రు. నీళ్లు కారుకుంట, ఎర్రగ, కోళ్లు కోసినకాడ లెక్క. ఆఖరుకు అశోక్ వచ్చి వాంది నా చేతుల పెట్టిండు. "బ్రేకుల కట్టుకుంటనే అమ్మా, దాచిపెట్టు" అని.

ఆమె చెప్పింది తప్పా? తప్పు కాదు. తప్పయితే నాకంత కోపమెందుకు వస్తది?

ఆట మొదలయ్యింది. డ్రమ్ముల వెనుక, టైర్ల వెనుక దాక్కొని టప్ టప్ టప్. ఐదు నిమిషాలల్ల త్రినాథరావు గారి కాలర్ మీద ఎరుపు చూసి ఎవరో అవుట్ అన్నరు. ఆయన కదలడు. "అదేంటండీ, నన్నెవరు కొట్టారండీ? ఇది రాజేశ్వరమ్మ గారి రంగండీ!" అని. అదే సార్, నేను నీళ్లల్ల పెట్టి ఆరెయ్యని రంగు. సైదమ్మ ఆ మూలకు ఉరికింది. ఆయన పక్షం వాళ్లు కూడ ఎగబడ్డరు. అందరి కండ్లు ఆ మూలకే.

ఈ మూల నెట్టు పక్కనే, టైర్ల వెనుక, అశోక్ కూసున్నడు. చెమటకు టీషర్టు వీపుకు అతుక్కున్నది. ముప్ఫై రెండేండ్లోడు సార్, బ్యాంకుల పని చేస్తడు. నాకు మాత్రం బడి నుంచి ఎండల నడిచొచ్చినోని లెక్కనే కనపడ్డడు.

రాసిన కాయితంల ఏముంది? "మాస్కు బెల్టు వదులుగా ఉండుటచే జారిపోయి" అని ఉంది గద. దాన్నే ఒకసారి మళ్ల చదువుండ్రి. నేను నీళ్లు తాగుతా.

మొన్న మంగళారం భజనకు అందరు వచ్చిండ్రు. మామూలుగ రానోళ్లు కూడ. "ఏమయ్యింది రాజేశ్వరమ్మ, చెప్పు" అన్నరు. చెప్పిన. ఆ బెల్టు ఎట్ల జారింది, నా బిడ్డ ఎట్ల అరిచిండు, తెల్లగుడ్డుల నెత్తురు ఎట్ల నిండింది, ఆ విజిలామె ఎట్ల పట్టించుకోలే, అన్నీ చెప్పిన. ఆగేకాడ ఆగిన, గొంతు దించేకాడ దించిన. ఆడోళ్లు కొంగులు నోట్ల కుక్కుకొని ఏడ్చిండ్రు. ప్రసాదం అయిపోయినా ఎవ్వరు లేవలే. నేను పదిహేనేండ్ల నుంచి కథలు చెప్తున్న సార్. అంత బాగ ఎన్నడు చెప్పలే.

ఆ రాత్రే త్రినాథరావు గారు ఈ కాయితం రాసిండు. నా కథ విని రాసిండు.

బెల్టు వదులు కాలే సార్.

నేను నెట్టు అంచు ఎత్తి లోపలికి పోయిన. వంగి, కొంగు నడుముకు చెక్కుకొని, దొంగ లెక్క. వాని దగ్గర కూసున్న. "అమ్మా, పో బయటికి" అన్నడు. "ఉండురా, గీ పట్టీ కట్టిపోతా" అన్న. కట్టబోతే మాస్కు అడ్డమొచ్చింది. ఈ చేత్తోని మాస్కు నుదుటి మీదికి ఎత్తిన. ముఖమంత చెమట. కొంగుతోని తుడిచిన. వాడు కండ్లు మూసుకున్నడు, చిన్నప్పుడు మూసుకున్నట్లే. తెరిచేసరికి తగిలింది.

ఎవరి గోలీనో తెల్వదు. అడుగొద్దు కూడ. ఎవరన్న ఆడేటోళ్లు టైర్ల దిక్కు కొడ్తరు, వాళ్లకేం తెలుసు ఆడొక తల్లి కొంగు పట్టుకొని కూసున్నదని?

తెల్వక చేసిన అనుకుంటున్నరా? అట్లనే అనుకోండ్రి అని నాక్కూడ ఉంది. ముసలామె, ఎండ, కన్నపేగు. మంగళారం నాడు గిట్లనే చెప్తే ఇంకో రెండు కొంగులు తడిసేటియి. కాని నేను మూడుసార్లు విన్న సార్. ఎత్తేటప్పుడు కూడ ఆమె మాట చెవుల ఉంది. దేవుడు దిగొచ్చినా అని. అందుకే ఎత్తిన. నా బిడ్డ మాస్కు నేనెత్తుత, నువ్వెవతివే అని ఎత్తిన. పిల్లగాని మీద ప్రేమ ఉంది, లేదనను. చెయ్యి లేపింది మాత్రం ప్రేమ కాదు.

అందరికంటె ముందు సైదమ్మనే వచ్చింది. విజిల్ ఊది ఆట ఆపి ఉరికొచ్చింది. వచ్చి నా చేతుల కారుతున్న పట్టీ చూసింది, నా ముఖం చూసింది. మొదలు వానికి మాస్కు మళ్ల దించింది, నాకు తన కోటు విప్పి తల మీద కప్పింది, ఇద్దరిని బయటికి తెచ్చింది. కారెక్కేటప్పుడు నా చెవుల ఒక్క మాట అన్నది. "నేను చూసిన అమ్మా. ముందు పోరని కన్ను సంగతి చూసుకో."

అంతే. ఆరు రోజులాయె. మీరు ఇంట్ల కూసోమన్నప్పుడు కూడ నా పేరు చెప్పలే గద? బెల్టు రెండు వేళ్లు పెట్టి చూసిన అని మాత్రమే చెప్పిందట. మీరు నమ్మలే. ఎందుకు నమ్ముతరు? సంతకాలు చేసినోళ్లు పద్నాలుగు మంది ఉన్నరు మరి.

అశోకా? వాడు దవాఖానల పండుకొని, కంటికి కప్పు పెట్టుకొని, అందరి ముందట బెల్టు వదులైంది అన్నడు. అందరు బయటికి పోయినంక నా చెయ్యి పట్టుకొని, "నువ్వు లోపలికి రాలేదమ్మా. గింతే. ఇంకెవరన్న అడిగినా గింతే" అన్నడు. తల కదిలించొద్దని డాక్టరమ్మ చెప్పింది. తల కదిలించకుండనే అన్నడు. చూపు ఉంటదట. మునుపటంత వస్తదా లేదా, నెల పోయినంక చెప్తరట.

ఇంట్ల మాలతి గంటగంటకు చుక్కలు ఏస్తది. ఏసినప్పుడల్ల, "ఆ విజిలామెను ఊకె వదలొద్దు అత్తమ్మా" అంటది. నేను "అవు బిడ్డా" అంట. రోజుకు ఎన్నిసార్లు ఏస్తమో అన్నిసార్లు.

చూడుండ్రి, మీ ముఖం ఎట్ల వెలిగిందో. మాస్కు మంచిదే, బెల్టు మంచిదే, గ్రౌండు మంచిదే. ఉపేంద్ర సార్ కడుపుల పాలు పోసినట్లయ్యింది. సంతోషం. నేను వచ్చింది కూడ పనికొచ్చింది.

ఏమంటున్నరు? కాయితం చింపేద్దామా? ఎవ్వరికి చెప్పే పని లేదా? ఓహో. మా కమిటీకి ఏదో ఒకటి సర్ది చెప్తరు, సైదమ్మను పార్కింగ్ దగ్గర నిలబెడ్తరు, నేను ఇంటికి పోయి మంగళారం మళ్ల గంట కొడ్తా. ఎంత మంచి ఆలోచన సార్. అందరికి బాగుంది, ఆమెకు తప్ప. పార్కింగ్ కాడ నిలబడ్డామెను చూసి ప్రతి ఒక్కరు ఏమంటరు? ఎవరిదో కన్ను పోగొట్టిన మనిషి అంటరు. నా కథ అంత గట్టిగుంటది మరి.

వద్దు. అబద్ధం ముప్ఫై మందికి చెప్పి, నిజం మీ ఒక్కరి చెవిల ఊది పోతనా?

జర లేచి ఆ తలుపు తెరువుండ్రి. నాకు మోకాళ్లు.

ఒక్కటి మాత్రం ముందే చెప్తున్న సార్, నన్ను గొప్పదాన్ని చెయ్యకుండ్రి. ఈ మాట ఇప్పుడు బయట పడ్తే, సాయంత్రానికి మాలతికి తెలుస్తది, కట్టుకున్నోడు తన ముందట వారం రోజుల నుంచి అబద్ధమాడుతున్నడని. నా కోసమే ఆడిండు. నేను నోరు తెరిచి వాన్నే అబద్ధాలకోరును చేస్తున్న. ఆమెను మెట్ల మీదికెళ్లి లేపితే వాడు కిందపడ్తడు. ఏం చేస్తం? నాకు మూడో తొవ్వ దొరుకలే. ఆరు రోజులు దేవుణ్ని అడిగిన, ఆయన కూడ చెప్పలే.

త్రినాథరావు గారూ, మీరు కూడ రండ్రి. పెన్ను జేబుల పెట్టుకోండ్రి, ఇగ దాంతోని పని లేదు. మిగిలినోళ్లు కూడ, జాగ లేకుంటే నిలబడుండ్రి.

రా సైదమ్మా. ఆడనే ఆగుతవేంది, లోపలికి రా. గీ కుర్చీల కూసో. నేను నిలబడి చెప్తా. భయపడకుండ్రి, కథ కాదు. రెండు ముక్కలే.